ఇరవై మూడో చీటీ

బిక్ నియో పోయాక ఆమె పాత సామాన్లకు వెల కట్టడానికి టెక్ హిన్‌ను పిలిపించారు. పగలంతా వారసులు వాదులాడుకోవడంతో, మలక్కాలోని ఆ ఇంటి మేడ మీద పని చీకటి పడ్డాకే మొదలైంది.

"హిన్ అన్నా, అద్దం మీది తెల్లగుడ్డ మాత్రం తియ్యకు," మెట్ల కింది నుంచి మనవరాలు స్వీ లాన్ కేకేసింది. "అవ్వ పోయి ఇంకా వంద రోజులు కాలేదు, అప్పటిదాకా మూసే ఉంచాలి."

"అద్దం చూడకుండా వెల ఎట్లా కట్టేది తల్లీ? గుడ్డకు కట్టమంటావా?"

ఆమె వీధి తలుపు మూసి, కాఫీకి వెళ్లిపోయింది.

వరుస అంకెలున్న చీటీల కట్ట పట్టుకుని, చూసిన ప్రతి వస్తువుకూ కుంచెతో జిగురు రాసి ఒకటి అంటించడం అతని అలవాటు. ముత్యపు చిప్ప పొదిగిన కుర్చీలు, పింగాణీ కూజాలు, పెళ్లిమంచం, అన్నీ కలిపి ఇరవై రెండయ్యాయి. మిగిలింది అద్దమే. పూత రాలిందో లేదో చూడాలి కదా! జిగురు గిన్నె పెళ్లిమంచం దగ్గర పెట్టి, గుడ్డ పైకెత్తాడు.

పూత చెక్కుచెదరలేదు. అందులో మంచం, కుర్చీలు, తను. తన చొక్కా మీద ఒక చీటీ.

చొక్కా తడుముకున్నాడు. ఏమీ లేదు. అద్దంలో మాత్రం ఉంది, జిగురింకా తడిగా మెరుస్తోంది. అంకె తిరగబడకుండా సరిగ్గానే కనిపిస్తోంది: ఇరవై మూడు.

చేతిలోని కట్ట చూసుకున్నాడు. పైనున్నది ఇరవై నాలుగు.

కింద వీధి తలుపు తెరుచుకుంది. "అయిపోయిందా అన్నా?" అంటూ స్వీ లాన్ మెట్లెక్కుతోంది.

రావద్దని అరవబోయాడు. అంతలో వెనక, పెళ్లిమంచం దగ్గర, జిగురు గిన్నెలో కుంచె మెల్లగా తిరుగుతోంది.