ఇద్దరి లాగిన్లు

ఆఫీసు ఎప్పుడో ఖాళీ అయింది. సర్వర్ గదిలో ఫ్యాన్ల హోరు తప్ప మరో చప్పుడు లేదు. టెక్నీషియన్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్‌లో పాత లాగిన్లు ఒక్కొక్కటే తీసేస్తున్నాడు. చివరికి కిందటి నెల చనిపోయిన పెద్దాయనది మిగిలింది. తనకు పని నేర్పిన మనిషి. ఎంటర్ మీట రెండుసార్లు కొడితే గానీ నమ్మకం కుదిరేది కాదాయనకి. కాస్త వెనకాడి, అదీ తీసేశాడు.

ఇంటి నుంచి అదే స్విచ్‌ని సరిచూస్తున్న సీనియర్ ఫోన్లో అడిగింది. “అన్నీ అయిపోయాయా?”

“అయిపోయాయక్కా. ఇక నీదీ నాదీ, అంతే.”

“మరి ముగ్గురు కనిపిస్తున్నారేంట్రా? పెద్దాయన కన్సోల్ మీద ఉన్నాడు.”

కన్సోల్ అంటే స్విచ్‌కి నేరుగా వైరు పెట్టుకుని కూర్చోవడం. అతను వంగి చూశాడు. అక్కడ వైరే లేదు.

“పాతదేదో ఇరుక్కుని ఉంటుందిలే. తెంచేస్తున్నా.”

ఎంటర్ కొట్టాడు, ఒక్కసారే. స్విచ్ బిగించిన ర్యాకు వెనక నుంచి మీట చప్పుడు రెండుసార్లు వినిపించింది.

“ఆఁ, ఇప్పుడు ఇద్దరమే,” అంది అక్క. పేర్లు మళ్లీ చూసి, మెల్లగా అడిగింది. “నేనూ, పెద్దాయనా. నీదేమైందిరా?”