పదిహేడో నిబంధన

“బాగుంది సంబడం! రేపు కుక్కకి మంచం కూడా వెయ్యమంటావా వార్డెనమ్మా?” అంది అధ్యక్షురాలు.

మొగుళ్ళ చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్ళకి నీడనిచ్చే ఆశ్రమం అది. అక్కడ అధ్యక్షురాలు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ‘జంతువులకు ప్రవేశం లేదు’ అన్న పదిహేడో నిబంధన ఆవిడ స్వయంగా రాసిందే. కమిటీలో ఉన్న లాయరు పడీపడీ నవ్వాడు. తొమ్మిదేళ్ళుగా కుక్కల్నీ పిల్లుల్నీ గేటు దగ్గరే ఆపేసిన వార్డెను ఇవాళ వాటి తరఫున వకాల్తా పుచ్చుకుంటే విడ్డూరం కాదూ మరి!

వార్డెను మాత్రం నవ్వలేదు.

“మంచం అక్కర్లేదు మేడం. వెనక సామాన్ల గది ఖాళీ చేయిస్తాను. ఒకావిడ ఉంది. మొగుడు తన్నిన తన్నుకి పక్కటెముక విరిగింది. అయినా ఇల్లు వదలదు. వదిలి వెళ్తే కుక్కని చంపేస్తానన్నాడట.”

“కుక్క కోసం తన్నులు తింటుందా? చోద్యం!”

“పిల్లల్లేరు మేడం. ఆవిడ ఇంటికొస్తే సంతోషించేది అదొక్కటే.”

“ఎవరికైనా ఇచ్చేసి రమ్మనండి,” అన్నాడు లాయరు.

“ముసలిదండీ. కళ్ళు కనపడవు. మీరు పెంచుకుంటారా?”

లాయరు గొంతు సవరించుకుని కాగితాల్లో తల దూర్చాడు. పాపం, ఆయనింట్లో తెల్ల సోఫాలున్నాయి.

“ఇంతకీ చోటిస్తే వస్తుందంటావా?” అడిగింది అధ్యక్షురాలు.

“రోజూ వస్తూనే ఉంది మేడం. సాయంత్రమయ్యేసరికి కుక్కకి అన్నం పెట్టాలని మళ్ళీ ఆ కొంపకే పోతోంది.”

“నేనెప్పుడూ చూడలేదే!”

“చూసే ఉంటారు.”

“వచ్చేపోయేవాళ్ళు ఇంతమందిలో ఎవరని గుర్తుంటారులెండి,” అన్నాడు లాయరు.

అధ్యక్షురాలు నిట్టూర్చింది. “నువ్వైనా నాలుగు మంచి మాటలు చెప్పలేకపోయావా? ఎంతమందికి ధైర్యం చెప్పి గట్టెక్కించావు!”

“చెప్పాను మేడం. ఎన్నిసార్లో చెప్పాను. వినదు.”

ఆ గొంతులో వణుకు విని అధ్యక్షురాలికి జాలేసింది. ఆవిడ కసురుతుందే గానీ మనసు వెన్న. పెన్ను తీసి పదిహేడో నిబంధన కొట్టేసింది.

“ఒక్క కుక్కేనమ్మోయ్! మొరిగిందంటే పూచీ నీదే.”

“నాదే మేడం,” అంది వార్డెను. కళ్ళు తుడుచుకుంటే లాయరు కూడా కాస్త మెత్తబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే అధ్యక్షురాలు ఆత్రంగా వచ్చింది. తన నిబంధననే మార్పించిన మహాతల్లిని చూడాలని ఆవిడకి ఒకటే ఉబలాటం. ఆఫీసు గదిలో బల్ల కింద గుడ్డి కుక్క ముడుచుకుని పడుకుని ఉంది. వార్డెను దాని వీపు నిమురుతోంది.

“ఓసి దీని దుంపతెగా, నిజంగానే ముసలిది! మరి ఆవిడేదీ? తీరా చోటిస్తే కుక్కని పంపి తను ఆగిపోయిందా?”

వార్డెను కొత్తగా చేరేవాళ్ళ రిజిస్టరు తెరిచింది.

తన పేరు రాసుకుంది.