మేకమ్మ సముద్ర స్నానం

జనాన్ని ఊరూరా తిప్పి వింతలు చూపించే కొంగ మేక దంపతుల దగ్గరకొచ్చింది. "తూర్పు ఆఫ్రికాలో సింహాలను చూస్తారా, సముద్రంలో మునుగుతారా?" అని అడిగింది.

"సింహాలే! బాగా దగ్గర్నుంచి చూడొచ్చట," అని మేకపోతు ఉబలాటపడింది.

"అవీ మనల్ని అంత దగ్గర్నుంచే చూస్తాయి కదయ్యా," అని మేకమ్మ సముద్రానికే పట్టుబట్టింది.

తీరా ఒడ్డుకు చేరితే, కొబ్బరిచెట్టు నీడలో సింహం పడుకుని ఉంది! మేకమ్మకు నాలుగు కాళ్లూ ఆడలేదు.

సింహం పంజాలు జోడించింది. "అరవకు తల్లీ! నిన్నేమీ చెయ్యను. తింటున్నా, పడుకున్నా జీపుల్లో వచ్చి ఫోటోలు తీస్తుంటే వేగలేక పారిపోయొచ్చాను. ఆ కొంగకు తెలిస్తే జనాన్ని ఇక్కడికీ తోలుకొస్తుంది."

మేకమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"చెప్పన్లే నాయనా. కాస్త జరుగు, నీడ మాకూ కావాలి."