కనుమ మీద వేసవి టైర్లు

ఒకటిన్నరకి కారు మంచులో దిగబడింది. మూడింటికి కనుమ అవతలి చర్చిలో పెళ్లి.

ఆ పెళ్లికి ఆర్గన్ వాయించాల్సిన మనిషి కారు ముందు సీట్లో కూర్చుని ఉంది. పేరు స్వావా. ఐస్‌లాండ్ ఉత్తరాన కనుమకి ఇటూ అటూ ఉన్న రెండు లోయలకీ కలిపి ఆర్గన్ వాయించడం వచ్చింది ఆమె ఒక్కతెకే. కారు నడిపింది ఆమె భర్త గ్రీముర్. అతనిప్పుడు పెళ్లికని ఇస్త్రీ చేయించుకున్న ప్యాంటుతో వెనక చక్రం దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు.

బయలుదేరేటప్పుడే ఆమె అడిగింది, చలికాలపు టైర్లు వేశావా అని. అక్టోబరు సగం కూడా కాలేదు కదా అన్నాడు. మంచులో బండి నడపడమంటే టైరు సగం, చెయ్యి సగం అన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఈ కనుమ దారి కళ్లు మూసుకుని నడుపుతున్నానని కూడా అన్నాడు. మూడో మలుపులో చెయ్యి తన సగం పని తను చేసింది. కారు అడ్డం తిరిగి, తొందరేమీ లేనట్టు జారి, పక్క కాలువలో కూర్చుంది.

"మిగతా సగం మన షెడ్డులో ఉంది," అంది స్వావా.

గ్రీముర్ లేచి డిక్కీ తెరిచాడు. పార తీసి చక్రాల ముందు తవ్వాడు. టైర్లలో గాలి సగానికి పైగా తీసేశాడు. మెత్తబడ్డ టైరు మంచు మీద పరుచుకుంటుందని అక్కడ చంటిపిల్లలకీ తెలుసు. కారు జానెడు ముందుకొచ్చి మూరెడు వెనక్కి జారింది. కారులో కాళ్ల కింద పరిచిన పట్టాలు లాగి చక్రాల కింద వేశాడు. ఒక పట్టా ఎగిరి కాలువ అవతల పడింది. రెండోది ఎటు పోయిందో కనిపించలేదు.

రెండు కావస్తోంది. స్వావా అద్దం దించింది.

"సహాయ దళానికి ఫోను చేద్దాం. వాళ్లొచ్చి లాగుతారు."

"ఎవరొస్తారో తెలుసా? తొర్గిల్స్ వస్తాడు."

తొర్గిల్స్ పక్క పొలంలో గొర్రెలు పెంచుతాడు, బళ్లు లాగే దళంలోనూ ఉన్నాడు. పోయిన శనివారం దుకాణం ముందు, అందరూ చూస్తుండగా, గ్రీముర్ అతని టైరు గాడిలో నాణెం పెట్టి చూశాడు. గాడి అంతగా అరిగిపోయింది, నాణెం మునగలేదు. నీ టైరు మీద గీతల కన్నా నీ నుదుటి మీద గీతలు లోతు అన్నాడు. అందరూ నవ్వారు. తొర్గిల్స్ నవ్వలేదు. సోమవారమే వెళ్లి నాలుగూ కొత్తవి వేయించాడు.

"రానీ. ఇప్పుడు అతనికి మంచి టైర్లున్నాయిగా."

"ఫోటో తీస్తాడు స్వావా. గోడకి అంటిస్తారు."

ఆ గోడ సంగతి ఆమెకీ తెలుసు. దిగబడ్డ బళ్లని లాగడానికి లోయలో వాళ్లే కూడి ఒక సహాయ దళం పెట్టుకున్నారు. లాగిన ప్రతి కారు ఫోటో వాళ్ల షెడ్డు గోడకి ఎక్కుతుంది. ఇప్పటికి నలభై మూడు. చాలావరకు రాజధాని రేక్యావిక్ నుంచి వచ్చినవాళ్లవి. ప్రతి ఫోటో కింద ఒక ముక్క రాసి ఉంటుంది. ఏ ముక్కా ఎవరి పరువూ కాపాడేది కాదు. నలభై మూడూ గ్రీముర్‌కి నోటికి వచ్చు.

అతను మళ్లీ పార అందుకున్నాడు.

ఎదురుగా అద్దె కారొకటి వచ్చింది. లోపల విదేశీ యాత్రికులిద్దరు. మలుపు దగ్గర నెమ్మదించి, వంకర పోకుండా దిగి, పక్కన ఆపారు. సాయం కావాలా అని అడిగారు. అక్కర్లేదు, పక్షుల్ని చూడటానికి ఆగామన్నాడు గ్రీముర్. ఆ ఇద్దరూ ఆకాశంకేసి చూశారు. మంచు పడుతోంది. మర్యాద గల మనుషులు కాబట్టి తలూపి వెళ్లిపోయారు.

"వాళ్లవి మంచులో జారని మేకుల టైర్లు," అంది స్వావా.

"చూశాను."

రెండుంబావుకి పాస్టరు ఫోను చేశాడు. పెళ్లికూతురు వచ్చేసిందట. చర్చిలో చలిగా ఉందట. దార్లో ఉన్నామంది స్వావా. అది అబద్ధం కాదు. ఇంకో పావుగంట చాలన్నాడు గ్రీముర్. ముప్పావుగంట నుంచీ పావుగంటే అంటున్నావంది ఆమె. ఈసారి అతను స్టీరింగు ముందు కూర్చుని యాక్సిలరేటరు తొక్కమని ఆమెకి చెప్పి వెనక నుంచి తోశాడు. చక్రం విసిరిన బురద అతని టై దాకా వచ్చింది. కారు కదల్లేదు.

రెండున్నరకి పాస్టరు మళ్లీ చేశాడు. కంగారు పడొద్దన్నాడు. బడి పంతులు దగ్గర అకార్డియన్ ఉందట. పెళ్లికూతురు లోపలికి నడిచొచ్చేటప్పటి పాట దాని మీద లాగించేస్తానంటున్నాడట.

స్వావా ఫోను పెట్టేసింది. ఇరవై రెండేళ్లుగా ఆ చర్చిలో ప్రతి పెళ్లికీ ఆమే వాయించింది. చేతికున్న ఉన్ని తొడుగు విప్పింది. ఆపద నంబరు నొక్కింది.

"వద్దు," అన్నాడు గ్రీముర్, పార పట్టుకుని. "స్వావా, నా మాట విను."

ఆమె వినలేదు. ఎక్కడున్నారని అడిగింది అవతలి అమ్మాయి. స్వావా చెప్పింది.

"ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"ఇప్పటిదాకా లేదు," అంది స్వావా, భర్తకేసి చూస్తూ.

"ఏ టైర్లు?"

"వేసవివి."

 మీ లోయ సహాయ దళం నాయకుడికి ఇప్పుడే చెబుతాను, ఆయన మనుషుల్ని తీసుకుని బయలుదేరతాడు, కారులోనే ఉండండి అంది ఆ అమ్మాయి. అలాగే చెప్పమంది స్వావా. ఫోను పెట్టేసి, ఫ్లాస్కు తీసి, కప్పులో కాఫీ పోసుకుంది.

ఆమె ఫ్లాస్కు మూత బిగించేలోపే గ్రీముర్ కోటు జేబులో ఫోను మోగింది.