తేనెలో వెలుగు

"తేనేటే గుంటా ఇది? తారులాగుంది!"

ఫోనులో ఫొటో చూసి రత్నాలు పెదవి విరిచింది.

హేమలత తల దించుకుంది.

అరకు కొండల్లో ఆ ఊరి ఆడవాళ్లు పెట్టుకున్న సంఘానికి రత్నాలు పెద్ద. వాళ్ల తేనె, మిరియాలు అమ్మిపెడతామని విశాఖలో ఓ కొట్టువాళ్లు ఒప్పుకున్నారు. ముందు మంచి ఫొటోలు కావాలన్నారు. సంఘం తరఫున హేమలత తీసి పంపినవన్నీ బాగాలేవన్నారు.

"ఇంకోపాలి తీస్తాను పిన్నీ."

"తియ్యి, బేగి తియ్యి," అని రత్నాలు సంతకు వెళ్లిపోయింది.

బిస్కెట్ల అట్టపెట్టెకు పక్కలు కోసి, పల్చటి పాత పంచె అతికించి హేమలత ఫొటోలు తీయడానికి సొంతంగా ఓ పెట్టె చేసుకుంది. అందులో తేనె సీసా పెట్టి, ఎదురుగా బల్బు వెలిగించింది.

ఫొటో మళ్లీ నల్లగానే వచ్చింది. సీసా మీద బల్బు మాత్రం తళుక్కుమంటోంది.

"బల్బు వెనక్కి పెట్టి చూడమ్మా."

ఉలిక్కిపడింది. గుమ్మంలో ఎవరో పెద్దాయన, వానకు తడిసి ఉన్నాడు.

"ఏటి కావాలి సార్? కాఫీ హోటలు రోడ్డు మీదుంది," అంది విసుగ్గా.

"వాన తగ్గేదాకా నిలబడతానమ్మా."

ఆయన గుమ్మానికి ఆనుకుని తల తుడుచుకున్నాడు. ఆమెకే ఉండబట్టలేదు. బల్బును పెట్టె వెనక్కి మార్చింది.

తేనె నిప్పులా వెలిగింది!

అంతలోనే ఆమె ముఖం చిన్నబోయింది. "సీసా మీద మా సంఘం పేరు కనబడ్డంలేదు సార్."

"ఏం చేద్దాం మరి?"

హేమలత వంటింట్లోకి పరుగెత్తి స్టీలు పళ్లెం తెచ్చింది. వెలుగు తిరిగొచ్చి పేరు మీద పడేలా వంచి పట్టింది. మరీ కొట్టొచ్చినట్టు అనిపించి, పళ్లానికి తెల్లగుడ్డ చుట్టింది. పేరు చల్లగా తేలింది.

ఆయన కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"మిరియాలకు బల్బు ఎక్కడ పెడతావు?"

"పక్కన సార్. ముడతలు కనబడాలి కదా."

ఆయన నవ్వాడు. వాన వెలిసింది. "రైలు టైమైంది, వస్తానమ్మా," అని కొండ దిగిపోయాడు. పేరైనా అడగలేదని హేమలతకు తర్వాత తోచింది.

సాయంత్రం రత్నాలు రొప్పుతూ వచ్చింది.

"ఒలే గుంటా! కొట్టోళ్లు ఫోన్ సేసినారు. ఈ కొండల సరుకంతటికీ ఇక నువ్వే ఫొటోలు తియ్యాలంట!"

"అదేటి పిన్నీ? నేనింకా కొత్త ఫొటోలు పంపనేలేదు!"

కొట్టువాళ్లు ఈ పనికని పొద్దున్నే రైలెక్కించి పంపిన ఫొటోగ్రాఫరు, అక్కడ తన అవసరం లేదని, ఆ పని హేమలతకే ఇమ్మని దారిలోంచే ఫోన్ చేశాడట.