ఎడమచేతి రాజు

“రాణి ఏడిస్తే ఏడవని ఆడది లేదప్పా ఆ డేరాలో,” అంటూ తిరుపతిసామి విస్తరి ముందు కూర్చున్నాడు. విరుదునగరంలో ఆడుతున్న మూగ సినిమా కోసం పుదూరునించి రెండుసార్లు బండి కట్టిన మనిషి ఆయన. “ఏర్పాటు కూడా శానా బాగుండాది. ఊరవతల చేరిలో ఉండే అంటరానివాళ్లనంతా తెర వెనక కూర్చోబెట్టినారు. మనకు ఇవతల గాలే గాలి.”

“అది సరే మామా, పులుసు పోసుకో,” అన్నాడు నల్లసామి. ఈ మేనమామను సినిమా లోకంనించి ఇంట్లోకి ఎట్లా దించాలో అతనికి తోచడం లేదు. చెల్లెలు చిన్నతాయిని కుమారసామికి ఇవ్వాలని అతని ఆశ. మామ ఊ అంటే ఈ పూటే తాంబూలం.

ఆ కుమారసామి పక్క విస్తరి ముందే ఒదిగి కూర్చున్నాడు. కోవిల్పట్టి మిల్లులో నల్లసామిదీ అతనిదీ రెండేళ్లుగా ఒకే షిఫ్టు. అందరూ అరవం మాట్లాడే ఆ చోట, తొలిరోజే నల్లసామితో ఇంటి మాట తెలుగులో మాట్లాడిన మనిషి. మన మాట మాట్లాడేవాడు మనవాడు కాక ఎవడవుతాడని నల్లసామి ఊరూ పేరూ తప్ప ఇంకేమీ అడగలేదు. అతను కడంబూరు అన్నాడు, ఇతను చాలనుకున్నాడు. తోడబుట్టిన తమ్ముడున్నా అంత ప్రేమగా చూసుకునేవాడు కాదేమో.

“నువ్వూ చూస్తివంట గదప్పా?” అని మామ అడిగాడు.

“చూస్తిని అయ్యా.”

“అయ్యా ఏంది? మామా అను,” నల్లసామి నవ్వాడు.

“నాకు రాణికంటే రాజు నచ్చినాడు మామా.” కుమారసామి ముఖం వెలిగింది. “ఎడమచేతివాటం గదా. మంత్రులంతా చూస్తుండగా ఎడమచేత్తోనే అన్నం తినె. అయినా లేచిపొమ్మని ఒక్కడు అనలే. నాకు కండ్లనీళ్లు తిరిగె.”

తిరుపతిసామి ముద్ద ఆపాడు. “ఎడమచెయ్యా? కుడిచేత్తో గదప్పా తినె.”

“లేదు మామా. కత్తి కూడా ఎడమచేత్తోనే పట్టె.”

“రెండుసార్లు చూస్తిని నేను.”

తెరమీది రాజు కోసం సంబంధం చెడేలా ఉంది. నల్లసామి మోకాలితో కుమారసామిని పొడిచాడు. “మామ చెప్పిందే ఉండనీ తమ్ముడూ.”

“వేరే ఏది చెప్పినా వింటా అన్నా,” అన్నాడు ఎప్పుడూ ఎదురాడని కుమారసామి. “ఆ రాజు మాత్రం ఎడమచేతివాడే.”

వంటింటి తలుపు చాటునించి చిన్నతాయి కిసుక్కుమంది. “అద్దంలో చూసొచ్చినాడేమో మామా. అద్దంలో అయితే కుడి ఎడమైతాది.”

అందరూ నవ్వారు. మొదట ఆగింది కుమారసామి నవ్వు. కొంచెం ఆలస్యంగా మామది ఆగింది. ఆయన సగం అన్నం వదిలి, విస్తట్లోనే చెయ్యి కడుక్కుని లేచాడు.

“ఇంత చిన్న మాటకు పంక్తిలోనించి లేస్తావా మామా?” నల్లసామికి కోపం ముంచుకొచ్చింది. ఇటు తిరిగేసరికి కుమారసామి కూడా లేచి, తన విస్తరి తానే మడుస్తున్నాడు. ఇంటికి వచ్చినవాళ్లచేత ఎంగిలాకు ఎత్తించడం ఆ ఇంట్లో లేదు.

“అది కింద పెట్టు. ఆకు నువ్వెందుకు తీస్తావు?”

కుమారసామి ఆకును రెండు చేతులా పట్టుకుని గడప దాటాడు.

“నేను తెర వెనకనించి చూస్తిని అన్నా.”