టీవీ లేని ఇల్లు

టీవీలు కొత్తగా వచ్చి, ఇంట్లో టీవీ ఉంటే లైసెన్సు తీసుకోవాల్సిన రోజుల్లో, చీకటి పడ్డాక, లైసెన్సులు తనిఖీ చేసే కేశవమూర్తి బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో వసంతమ్మ తలుపు తట్టాడు.

"లైసెన్సు యాడమ్మా?"

"టీవీనే లేదప్పా. లోపలికొచ్చి చూడు," అని ఆమె నవ్వింది.

ఒంటరి ముసలామె ఇంట్లో మంచం, పొయ్యి తప్ప ఏమీ లేవు. అయినా ఎవరివో మాటలు, నవ్వులు వినిపిస్తున్నాయి.

"మరి ఇదేం శబ్దం?"

"కింద మూసేసిన గనిలోంచి వస్తా ఉండాది. నాకు తోడు. హాయిగా నిద్ర పడతాది."

అతను నేలకు చెవి ఆనించాడు. నవ్వులు ఆగిపోయాయి. ఒక గొంతు మెల్లగా, "కేశవమూర్తీ," అని పిలిచింది. అతను ఇక్కడ తన పేరు ఎవరికీ చెప్పలేదు.

"పలకొద్దప్పా! నేనెప్పుడూ పలకను," అంది వసంతమ్మ.

అప్పటికే అతను "ఆఁ" అనేశాడు.